ట్రాక్ మీద బ్రేక్ పెడల్ ఫ్లోర్ దాకా దిగిపోయింది, పెద్ద బ్రేక్ కిట్ వేయించాలా?

నల్లరాయి (తాడిపత్రి):

అందరికీ నమస్తే. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదివి చెప్పండి. మూడున్నర లక్షల విషయం, అంతకంటే ముందు ప్రాణం విషయం.

బండి బీఎండబ్ల్యూ జెడ్4 35ఐ, 2013 మోడల్, రెండేళ్ల కింద బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. 306 హార్స్‌పవర్, బరువు 1600 కిలోలకు అటూఇటూ. ఇట్లాంటి బండి ఒకటి ఉండాలని చిన్నప్పటి నుంచి ఆశ, మా బండల పాలిషింగ్ యూనిట్ నిలదొక్కుకున్నాక తీర్చుకున్నా. ఏడాదికి మూడు నాలుగు ట్రాక్ డేలకు (సొంత బండిని రేస్ ట్రాక్ మీద నడపనిచ్చే రోజులు) పోతా, మిగతా రోజులు తాడిపత్రి, అనంతపురం, బెంగళూరు మధ్య తిరుగుతుంది.

పోయిన నెల మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కి వెళ్లా, శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉంది కదా, 3.7 కిలోమీటర్ల ట్రాక్. కడప, రాజంపేట, రేణిగుంట మీదుగా బండి నడుపుకుంటూనే పోయా. మొదటి సెషన్ బ్రహ్మాండంగా సాగింది. రెండో సెషన్ నాలుగో ల్యాప్ నుంచి కాలిన వాసన, ఐదో ల్యాప్‌లో పెడల్ మామూలు కంటే కిందికి పోవడం మొదలైంది. ఇంకొక్క ల్యాప్ చూసి లోపలికి వచ్చేద్దాం అనుకున్నా, అదే నేను చేసిన తప్పు. ఆరో ల్యాప్‌లో 160 దగ్గర మలుపుకి ముందు బ్రేక్ తొక్కితే పెడల్ మెత్తగా, ఏ అడ్డూ లేనట్టు ఫ్లోర్ దాకా దిగిపోయింది. రెండు మూడు సార్లు గబగబా తొక్కితే కొంచెం పట్టింది, గేర్లు దించుకుంటూ ట్రాక్ దాటి మట్టిలోకి పోయి ఆగా. బండికి గానీ నాకు గానీ ఏం కాలేదు. కానీ మా పాప బయట నిలబడి చూస్తా ఉంది, ఆ పిల్ల ముఖం నాకింకా కళ్ల ముందే ఉంది.

గంట చల్లారాక పెడల్ మళ్లీ వచ్చింది, కొద్దిగా మెత్తగా ఉంది అంతే. నెమ్మదిగా ఇంటికి వచ్చేశా. సర్వీస్ చేసే గ్యారేజీవాళ్లను అడిగితే బ్రేక్ ఆయిల్ పోయిన ఏడాదే మార్చాం అంటున్నారు. ట్రాక్ దగ్గర పరిచయమైన ఒకాయన మాత్రం స్టాక్ బ్రేకులతో ట్రాక్‌కి రావడమే తప్పు, ముందు చక్రాలకు ఆరు పిస్టన్ల క్యాలిపర్లు (ప్యాడ్లను డిస్క్‌కి నొక్కి పట్టే భాగాలు), బెజ్జాలున్న పెద్ద డిస్కులు వేయించు, మూడున్నర లక్షలు అవుతుంది అన్నాడు. అడ్వాన్స్ ఇవ్వమని రోజూ ఫోన్ చేస్తున్నాడు.

నిజంగా కిట్ కావాలా? ప్యాడ్లు మార్చితే సరిపోతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బురుజు (కర్నూలు):

అన్నా, ముందు నువ్వు క్షేమంగా ఉన్నావు, అది చాలు.

నేనైతే కిట్ వేయించమనే చెప్తా. నా ఆక్టేవియాకి నాలుగు పిస్టన్ల కిట్ వేయించి ఏడాదిన్నర అయింది. పెడల్ గట్టిగా రాయి మీద కాలు పెట్టినట్టు ఉంటుంది, ఎంత నొక్కితే అంతే పడుతుంది. ప్యాడ్లు మార్చాలంటే క్యాలిపర్ ఊడదీసే పని లేదు, పై నుంచి పిన్ను లాగి పది నిమిషాల్లో మార్చుకోవచ్చు. నీది ఒకటే పిస్టన్ ఉన్న స్లైడింగ్ క్యాలిపర్, ఆ బరువుకి, ఆ పవర్‌కి అది తక్కువే అని నా అభిప్రాయం. ఒకటి మాత్రం చూసుకో, పెద్ద డిస్క్ వేస్తే నీ 18 అంగుళాల చక్రం క్యాలిపర్‌కి తగలొచ్చు. అట్టముక్క మీద కొలత గీసి చక్రం లోపల పెట్టి చూశాకే డబ్బు కట్టు.

పెన్నగట్టు (అనంతపురం):

నేను మెకానికల్ పాఠాలు చెప్తాను, సొంతంగా పాత హ్యాచ్‌బ్యాక్ ఒకటి ట్రాక్ మీద నడుపుతాను. బురుజు గారు చెప్పిన లాభాలు నిజమే, నేను కాదనను. అయితే మీ బండికి వచ్చిన జబ్బు అది కాదు.

బ్రేక్ పోవడం రెండు రకాలు, కాలికి తెలిసిపోతుంది. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా బండి ఆగకపోతే ప్యాడ్ తన వేడి పరిమితి దాటిందని అర్థం. పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతే క్యాలిపర్ లోపల బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వచ్చాయని. ద్రవాన్ని నొక్కితే కుదించుకుపోదు కాబట్టి ఒత్తిడి నేరుగా పిస్టన్‌కి చేరుతుంది, ఆవిరిని నొక్కితే కుదించుకుపోతుంది, మీ కాలి బలమంతా ఆ బుడగలను నలపడానికే సరిపోతుంది. చల్లారాక ఆవిరి మళ్లీ ద్రవమై పెడల్ తిరిగి వచ్చింది చూడండి, మీరు రాసిన ప్రతి లక్షణం దీనికే సరిపోతోంది.

ఎందుకు మరిగింది? డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. కానీ అది గాలిలో తేమను పీలుస్తుంది, రబ్బరు హోస్‌ల గుండా కూడా కొద్దికొద్దిగా నీరు చేరుతుంది. దాదాపు 3.7 శాతం నీరు చేరాక చూసే తడి మరుగు స్థానం కనీసం 155 మాత్రమే. 230 ఎక్కడ, 155 ఎక్కడ! పోయిన ఏడాదే మార్చాం అన్నమాట రోడ్డు మీద తిరిగే బండికి సరిపోతుంది, ట్రాక్ బండికి సరిపోదు. పైగా నిజంగా మార్చారో, పైన డబ్బాలో తగ్గింది కలిపారో మీకు తెలియదు.

ఇప్పుడు వేడి లెక్క చూడండి, ఇది ఒక్కసారి అర్థమైతే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. మీతో కలిపి బండి 1700 కిలోలు. 160 నుంచి 80కి తగ్గించాలంటే సుమారు పన్నెండున్నర లక్షల జౌళ్ల శక్తి వేడిగా మారాలి. నాలుగు లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి పట్టేంత వేడి అది. ఒక్క మలుపుకి! గాలి కూడా కొంత ఆపుతుంది, అది వదిలేయండి. అందులో 70 శాతం ముందు రెండు డిస్కుల మీద పడిందనుకుంటే, పది కిలోల ఇనప డిస్క్ ఒక్క బ్రేకింగ్‌కే 90 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. తర్వాతి మలుపు వచ్చేలోపు గాలికి కొంత చల్లారుతుంది, చల్లారనిది మిగిలిపోయి ల్యాప్ ల్యాప్‌కీ పేరుకుంటుంది. మీకు మొదటి ల్యాప్‌లో కాకుండా ఆరో ల్యాప్‌లో ఎందుకు పోయిందో చూశారా?

ఇంకొక ప్రశ్న మీరే వేసుకోండి. మొదటి ల్యాప్‌లో గట్టిగా తొక్కినప్పుడు ఏబీఎస్ కొట్టిందా, అంటే చక్రాలు లాక్ కాకుండా అది పని చేసి పెడల్ కాలి కింద అదిరిందా? కొట్టి ఉంటే మీ స్టాక్ బ్రేకులకు టైరు పట్టును మించిన బలం ఇప్పటికే ఉంది. ఆరు పిస్టన్లు వేసినా ఒక్క బ్రేకింగ్‌లో బండి ఆగే దూరం తగ్గదు, ఆపేది చివరికి టైరే. పెద్ద డిస్క్ వల్ల లాభం ఎక్కువ ఇనుము, ఎక్కువ గాలి, అంటే వేడి తట్టుకునే ఓపిక. ఆ ఓపిక మీకు చాలట్లేదని తేలాక కొనొచ్చు, ఇంకా తేలలేదు. ముందు చక్రాలకే కిట్ వేస్తే ముందు వెనకల పొంతన కూడా మారుతుంది, వెనక బ్రేకులు చేయాల్సిన పని చేయకుండా మిగిలిపోతాయి. బెజ్జాల డిస్కులు అసలొద్దు, ట్రాక్ వేడికి ఆ బెజ్జాల అంచుల నుంచే పగుళ్లు మొదలవుతాయి. మామూలు డిస్క్ గానీ గీతలున్న డిస్క్ గానీ చాలు.

బ్రేక్ ఆయిల్‌కి మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 లాంటిది చూడండి, కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీలు. క్యాస్ట్రాల్ ఎస్ఆర్ఎఫ్ ఖరీదెక్కువ గానీ తడి మరుగు స్థానమే 270 దరిదాపుల్లో ఉంటుంది, తరచుగా మార్చే ఓపిక లేనివాళ్లకు మంచిది. డాట్ 5 అని రాసి ఉన్నది మాత్రం ముట్టుకోవద్దు, అది సిలికాన్, మీ వ్యవస్థకు పడదు. 5.1 వేరు, అది గ్లైకాల్ రకమే.

గువ్వలచెరువు (కడప):

తమ్ముడూ, నాకు కార్ల రేసులు తెలియవు. ఇరవై ఆరేళ్లుగా లారీలు తిప్పుతున్నా, ఇప్పుడు నావి నాలుగు బండ్లు. బ్రేక్ కాలిపోవడం అంటే ఏంటో మాత్రం తెలుసు, అందుకే రాస్తున్నా.

రాయచోటి నుంచి కడపకు వచ్చే గువ్వలచెరువు ఘాట్‌లో ఎన్ని బండ్లు పోయాయో, ఎంతమంది పోయారో మా వాళ్లను అడుగు. మావి గాలి బ్రేకులు, నీకు మరిగినట్టు ఆయిల్ మరగడం ఉండదు, లైనర్ (డ్రమ్ముకి రాసుకుని పట్టే పట్టీ) కాలుతుంది, డ్రమ్ము వేడికి వ్యాకోచించి లైనర్‌కి దూరమవుతుంది. డ్రైవర్ కాలు బ్రేక్ మీదే పెట్టి దిగుతాడు, పైన రెండు మలుపులూ బాగానే పట్టింది కదా అనుకుంటాడు, కింది మలుపుకి వచ్చేసరికి ఏం ఉండదు. ఎక్కిన గేర్‌లోనే దిగాలి అని మా గురువు నాకు చెప్పిన మొదటి మాట. మెల్లగా అదిమిపట్టి లాగితే వేడి. గట్టిగా ఒకసారి పట్టి వదిలేస్తే దానికి ఊపిరాడే టైం దొరుకుతుంది. ట్రాక్‌లో నువ్వెట్లా తొక్కుతున్నావో నాకు తెలియదు, భయంతో చాలా ముందు నుంచే అదుముతా పోతున్నావేమో ఒకసారి చూసుకో.

ఇంకోటి. వేడి బండి తెచ్చి ఆపగానే హ్యాండ్ బ్రేక్ వేయొద్దు, చక్రం కింద రాయి పెట్టు. వేడి మీద నీళ్లు కొట్టొద్దు, మా క్లీనర్ ఒకడు అట్లా కొట్టి డ్రమ్ము పగలగొట్టాడు. వాసన వచ్చినప్పుడే ఆపాలి నాయనా. వాసన వచ్చాక ఇంకో మలుపు చూద్దాం అనుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. నీ బిడ్డ చూస్తా ఉందని రాశావు, ఆ మాట చదివి మనసు ఒకరకంగా అయింది.

బోల్ట్‌నట్ (కర్నూలు):

నేను కర్నూల్లో చిన్న షెడ్ నడుపుతా, జర్మన్ బండ్లే ఎక్కువ చూస్తా. పెన్నగట్టు సార్ చెప్పింది వంద శాతం కరెక్ట్. నేను చేతి పని గురించి చెప్తా.

అన్నా, కిట్ సంగతి పక్కన పెట్టి ముందు చక్రాలు విప్పి రెండు వైపులా ప్యాడ్లు బయటికి తీయించి ఫోటో పెట్టు. బయటి ప్యాడ్ చూసి చాలా ఉంది అంటారు అందరూ, లోపలి ప్యాడ్ ఎవరూ చూడరు. నీ క్యాలిపర్‌కి పిస్టన్ లోపలి వైపు ఒక్కటే, క్యాలిపర్ మొత్తం పిన్నుల మీద జారితేనే బయటి ప్యాడ్ పడుతుంది. పిన్ను బిగుసుకుంటే లోపలి ప్యాడ్ ఒక్కటే పని చేసి అరిగిపోతుంది, వేడంతా ఆ వైపే. ప్యాడ్ పల్చబడే కొద్దీ డిస్క్ వేడి పిస్టన్‌కి, అక్కడి నుంచి ఆయిల్‌కి త్వరగా చేరుతుంది. అందుకే ట్రాక్‌కి పోయే బండిలో ప్యాడ్ సగం అరిగితే తీసేయమంటా, రోడ్డు మీదైతే ఇంకా నడుస్తుంది, అక్కడ వాడుకో.

ఆయిల్ మార్చేటప్పుడు దగ్గరుండు. డబ్బాలో ఆయిల్ అయిపోనివ్వకుండా, నాలుగు చక్రాల దగ్గరా కొత్త రంగు వచ్చేదాకా తీయాలి. ఏబీఎస్ యూనిట్ లోపల పాతది కొంత ఉండిపోతుంది, స్కానర్ పెట్టి ఆ పంపును తిప్పి తీయాలి, చాలామంది ఈ పని ఎగ్గొడతారు. సీల్ తీసిన డబ్బాలో మిగిలింది దాచుకుని ఆరు నెలల తర్వాత వాడొద్దు. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడుగు, లేకపోతే రంగు లేచిపోతుంది. ఇక నుంచి ప్రతి ట్రాక్ డేకి ముందు ఒకసారి బ్లీడింగ్ (లైన్లలోని పాత ఆయిల్, గాలి బయటికి తీయడం) చేయించు, సంవత్సరానికి నాలుగు సార్లే కదా.

ప్యాడ్లకు వస్తే, ఫుల్ రేస్ ప్యాడ్ నీకు వద్దు. చల్లగా ఉన్నప్పుడు పట్టదు, పొద్దున్నే ఇంటి ముందు ఎద్దుల బండి అడ్డం వస్తే నీకు అవసరమైంది చల్లటి పట్టే. పైగా కీచుమని అరుపు, చక్రాల నిండా దుమ్ము. రోడ్డుకీ ట్రాక్‌కీ మధ్యలో ఉండే ఫెరోడో డీఎస్2500 లాంటిది చూడు, కంపెనీ లెక్క ప్రకారం 20 నుంచి 500 డిగ్రీల దాకా. నీ క్యాలిపర్‌కి సరిపోయే పార్ట్ నంబరు సరిచూసుకుని కొను. నకిలీ సరుకు చాలా తిరుగుతోంది, రేటు మరీ తక్కువ చెప్తే అనుమానించు.

అట్లాగే ట్రాక్షన్ కంట్రోల్ గురించి ఎవరూ చెప్పలేదు. మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు వెనక చక్రం జారితే అది నీకు తెలియకుండా ఆ చక్రానికి బ్రేక్ వేస్తుంది. యాక్సిలరేటర్ మరీ ఆత్రంగా తొక్కితే వెనక బ్రేకులు ల్యాపంతా కాలుతూనే ఉంటాయి. దాన్ని ఆపేయమని చెప్పట్లేదు, కాలు మెత్తగా వాడమంటున్నా.

నల్లరాయి (తాడిపత్రి):

అందరికీ పెద్ద థాంక్స్. పెద్దాయన మాట ఇంట్లో అందరికీ చదివి వినిపించా.

నిన్న వేరే షెడ్‌లో విప్పించాం. కుడి ముందు చక్రం లోపలి ప్యాడ్ 3 మిల్లీమీటర్లు, బయటిది 7. ఒక పిన్ను చేత్తో కదలలేదు, సుత్తితో కొట్టి తీయాల్సి వచ్చింది. ఆయిల్ టీ డికాక్షన్ రంగులో ఉంది, బోల్ట్‌నట్ అన్న చెప్పినట్టు నాలుగు చక్రాల దగ్గరా అదే రంగు. పోయిన ఏడాది మార్చిన ఆయిల్ ఇట్లా ఉండదని షెడ్‌వాళ్లు కూడా అన్నారు. సార్ అడిగిన ఏబీఎస్ సంగతి గుర్తు చేసుకుంటే, మొదటి సెషన్‌లో రెండు చోట్ల కొట్టింది.

కిట్ అడ్వాన్స్ ఇవ్వలేదు. కొత్త పిన్నులు, రబ్బరు బూట్లు, ఆర్‌బీఎఫ్ 600, డీఎస్2500, మామూలు వెంటెడ్ డిస్కులు (మధ్యలో గాలి పోయే గాడులున్నవి) ఆర్డర్ పెట్టా. ఒక్క డౌట్. కొత్త ప్యాడ్లను డిస్కులకు అలవాటు చేయాలంటారు కదా, అనంతపురం దాటాక 44వ నంబరు హైవే మీద తెల్లారుజామున చేయొచ్చా?

బోల్ట్‌నట్ (కర్నూలు):

వద్దన్నా. ఆ రోడ్డు మీద వెనకాల ఏ లారీ వస్తుందో, నువ్వు ఊరికే గట్టిగా బ్రేక్ వేస్తున్నావని వాడికెట్లా తెలుస్తుంది? డ్రైవర్ తెల్లవార్లూ నిద్ర లేకుండా వస్తుంటాడు. హైవే మీద మామూలుగా నడుపు చాలు. అసలు పని ట్రాక్ మొదటి సెషన్‌లో చెయ్. మోస్తరుగా మొదలుపెట్టి, పూర్తిగా ఆపకుండా ఎనిమిది పది సార్లు తొక్కు, ఒక్కో సారికి కొంచెం కొంచెం గట్టిగా, ఆ తర్వాత ఒక ల్యాప్ బ్రేక్ ముట్టకుండా చల్లార్చి లోపలికి తెచ్చి పూర్తిగా చల్లారనివ్వు. కొత్త ప్యాడ్ మొదటిసారి బాగా వేడెక్కినప్పుడు లోపలి బంక నుంచి ఆవిర్లు వస్తాయి, పట్టు ఒక్కసారిగా తగ్గుతుంది, అప్పుడు భయపడొద్దు, వేగంలో మాత్రం ఉండొద్దు. వేడి డిస్క్ మీద పెడల్ నొక్కి పట్టుకుని నిలబడినా ప్యాడ్ ముద్ర డిస్క్‌కి అంటుకుని తర్వాత స్టీరింగ్ అదురుతుంది, దాన్నే అందరూ డిస్క్ వంగింది అంటారు.

పెన్నగట్టు (అనంతపురం):

వీలైతే డిస్క్ అంచుకి థర్మల్ పెయింట్ గీతలు పూయండి. మామూలుగా దొరికే సెట్‌లో ఆకుపచ్చ 430 డిగ్రీల దగ్గర, నారింజ 560, ఎరుపు 610 దగ్గర రంగు మారతాయి. కిట్ కావాలో వద్దో చెప్పాల్సింది మీ డిస్క్.

నల్లరాయి (తాడిపత్రి):

ఆరు వారాల తర్వాత రాస్తున్నా. మొన్న ఆదివారం మళ్లీ అదే ట్రాక్‌కి పోయొచ్చా. మొదటి సెషన్ మొత్తం ప్యాడ్లకే ఇచ్చేశా. ఆ తర్వాత నాలుగు ల్యాపులు వేగంగా, ఒకటి చల్లగా, ఇదే లెక్కన మూడు సెషన్లు. మట్టిలోకి పోయిన మలుపు దగ్గర మొదటిసారి కాలు వణికింది, నిజం చెప్తున్నా, చాలా ముందే బ్రేక్ వేసేశా. పెద్దాయన మాట గుర్తొచ్చి తర్వాతి ల్యాప్ నుంచి ఆలస్యంగా తొక్కి, గట్టిగా పట్టి, వదిలేశా. పెడల్ చివరి ల్యాప్‌లో కూడా మొదటి ల్యాప్‌లో ఉన్న చోటే ఉంది. వాసన లేదు.

సాయంత్రం చక్రాలు విప్పి చూస్తే రెండు డిస్కుల మీదా ఆకుపచ్చ గీత తెల్లబడింది, నారింజ గీత అట్లాగే ఉంది. అంటే 430 దాటింది, 560 చేరలేదు. ప్యాడ్ పరిమితి 500 కాబట్టి చేతిలో మిగులు పెద్దగా లేదని సార్ ఫోన్‌లో చెప్పారు. అందుకని ముందు బంపర్ నుంచి డిస్క్ నడిమధ్యకి గాలి వచ్చేలా మూడు అంగుళాల పైపు వేయిస్తున్నా, డిస్క్ పైతలం మీదకి కాకుండా మధ్యలోకే పెట్టాలంట, వెంట్ గాడుల గుండా గాలి లోపలి నుంచి బయటికి పోతుంది. ఆ పైపు స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరుకి తగలకుండా ఎట్లా కట్టాలో ఎవరైనా ఫోటో పెడితే మేలు చేసినవాళ్లవుతారు.